స్పీడు పెంచితే నునుపు రాదు సామీ!

"అన్నా, లేత్ ఆన్ చేస్తే టేబులే నడుస్తా ఉంది" అని పోయిన వారం చిత్తూరు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. లేత్ అంటే కర్ర దిమ్మను గిర్రున తిప్పే మిషన్, తిరిగే దిమ్మకు ఉలి ఆనించి గిన్నెల్లాంటివి చెక్కుతాం. గొంతులో టెన్షన్. ఎవరో బేరింగులు పోయాయని చెప్పారట. స్పీడు ఎంతలో పెట్టావని అడిగాను. 2000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 2000 చుట్లు అన్నాడు. ఎక్కించింది ఎనిమిది అంగుళాల మామిడి దిమ్మ, ఇంకా బెరడు కూడా పోలేదు. బేరింగులకు ఏమీ కాలేదు, పాపం.

తిరుపతిలో నా షెడ్డుకు వచ్చేవాళ్లలోనూ సగం మందికి ఇదే పిచ్చి: స్పీడు పెంచితే పని నున్నగా వస్తుందని. నునుపు ఉలి పదునుతో వస్తుంది. ఎనిమిది అంగుళాల దిమ్మ 2000 ఆర్‌పీఎంలో తిరిగితే దాని అంచు గంటకు సుమారు 75 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఒక పక్క బరువెక్కువున్న దిమ్మ ఆ వేగంలో దాన్ని పట్టి ఉంచే చక్ నుంచి ఊడితే ఎక్కడ తగులుతుందో మీరే ఊహించుకోండి. లెక్క సులువే. 6000ను, 9000ను దిమ్మ వ్యాసం అంగుళాలతో భాగిస్తే వచ్చే రెండు అంకెల మధ్య నడపాలి. ఎనిమిది అంగుళాలకు 750 నుంచి 1100 దాకా. అదీ దిమ్మ గుండ్రంగా వచ్చాకే. అంతవరకు మిషన్‌లో ఉన్న అన్నింటికన్నా తక్కువ స్పీడే. ఆన్ చేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి, ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌కు తగలడం లేదని చూసి, దిమ్మకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి.

నేనూ ఇవన్నీ ముందే తెలిసినవాణ్ణి కాదు. మొదటి ఏడాది వేప దిమ్మ ఒకటి ఎగిరిపోయి షెడ్డు రేకుకు సొట్ట పెట్టింది. మా ఆవిడ వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా మిషన్ వైరు పీకి బీరువాలో పెట్టి తాళం వేసింది. ముఖానికి షీల్డ్ కొని చూపించాకే తిరిగిచ్చింది.

గ్లౌజులు వేసుకుంటే క్షేమం అనుకోకండి, చిక్కుకుంటే చేతిని కూడా లాక్కుపోతాయి. త్రీ ఫేజ్ కరెంటు అక్కర్లేదు, ఇంటి పనికి సింగిల్ ఫేజ్ ఒక హెచ్‌పీ మోటారు చాలు. పచ్చి కర్ర పనికిరాదన్నది సగమే నిజం. పచ్చిగా ఉండగా గిన్నె గోడను వ్యాసంలో పదో వంతు మందం ఉంచి చెక్కి, కొన్ని నెలలు ఆరాక మళ్లీ చెక్కాలి. ఇక ఎర్రచందనం ముక్క దొరుకుతుందా అని అడిగేవాళ్లకు: శేషాచలం పక్కనే ఉన్నామని పర్మిట్ లేని ముక్క ఇంట్లో పెట్టుకుంటే కేసే. ఇన్ని మామిడి తోటలున్న చోట ఆ తిప్పలెందుకు?

కుర్రాడు స్పీడు తగ్గించడానికి మోటారు వైపు బెల్టును చిన్న పుల్లీ మీదికి మార్చి మళ్లీ చేశాడు. "టేబులు నిలబడింది అన్నా, కానీ రెండు గంటలైనా గుండ్రం కాలేదు."

ఉలికి పదును ఎప్పుడు పెట్టావని అడిగాను.

"పెట్టాలా అన్నా?"