స్విచ్ లోపలి పేజీ

ఒక బడి అనుకుందాం. ఆఫీసు గదిలో గోడకు బిగించిన చిన్న ర్యాకు, అందులో 24 పోర్టుల నెట్‌వర్క్ స్విచ్. ఆఫీసు కంప్యూటర్లు, పిల్లల ల్యాబు, గేటు దగ్గరి సీసీ కెమెరాలు, అన్నిటి కేబుళ్లూ అక్కడికే వచ్చి చేరతాయి. ల్యాప్‌టాప్‌ను ఒక పోర్టుకు కలిపి, బ్రౌజర్‌లో 192.168.0.1 లాంటి అంకెలు కొడితే లాగిన్ పేజీ వస్తుంది. లోపలికి వెళితే స్విచ్ ముఖం బొమ్మగా కనిపిస్తుంది. కేబుల్ పెట్టిన పోర్టులు పచ్చగా ఉంటాయి, ఖాళీవి బూడిద రంగులో ఉంటాయి. ఇంటర్నెట్ లేకపోయినా ఈ పేజీ తెరుచుకుంటుంది. అది ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ నుంచి రావడం లేదు, ఆ డబ్బా లోపలి నుంచే వస్తోంది. కొత్తగా ఈ పని నేర్చుకునేవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే.

స్విచ్‌లో ఇద్దరు పనివాళ్లు ఉంటారు. మొదటిది, ప్యాకెట్లను, అంటే కంప్యూటర్లు పంపుకునే సమాచారపు ముక్కలను, ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకు దాటించడానికే తయారైన చిప్. 24 గిగాబిట్ పోర్టులూ అతి చిన్న ప్యాకెట్లతో నిండుగా నడిస్తే సెకనుకు సుమారు 3 కోట్ల 57 లక్షల ప్యాకెట్లు దాటాలి. రెండోది ఒక చిన్న ప్రాసెసర్. వెబ్ పేజీని మనకు పంపేదీ, మన క్లిక్కులు వినేదీ అదే. మూడో పోర్టు ఆపమని నొక్కితే ప్రాసెసర్ వెళ్లి చిప్‌లో ఆ పోర్టు తాలూకు అమరిక మారుస్తుంది. కంప్యూటర్ల మధ్య తిరిగే ప్యాకెట్లు మామూలుగా ఈ ప్రాసెసర్ గడప తొక్కవు. అందుకే పేజీ బిగుసుకుపోయినంత మాత్రాన నెట్‌వర్క్ ఆగిపోయినట్టు కాదు. పేజీ రావడం లేదని కంగారుపడి ప్లగ్ పీకేసినవాళ్లను చూశాను. అప్పటిదాకా బాగా పనిచేస్తున్న కంప్యూటర్లన్నీ ఆ పీకడంతోనే ఆగాయి.

1973లో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్, అంటే కంప్యూటర్లను కేబుల్‌తో కలిపే పద్ధతి, ఆలోచనను కాగితం మీద పెట్టినప్పుడు యంత్రాలన్నిటికీ కలిపి ఒకటే కేబుల్. ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఆగాల్సిందే. 1990 ప్రాంతంలో సిలికాన్ వ్యాలీలో ఒక చిన్న కంపెనీ ఏడు పోర్టుల ఈథర్‌నెట్ స్విచ్ తెచ్చింది. ఆ రకంలో అదే మొదటిది. కంపెనీ పేరు కల్పన. స్థాపించినవారిలో ఒకరైన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరు పెట్టుకున్నారు. 1994లో నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే సిస్కో ఆ కంపెనీని కొనేసింది. ఇవాళ ప్రతి ఆఫీసులో మిణుకుమిణుకుమనే ఈ డబ్బా వంశవృక్షం మొదట్లో మన వీధిలో, మన బంధువుల్లో వినిపించే పేరు ఉండటం నాకెంతో ఇష్టమైన సంగతి.

స్విచ్ తెలివంతా ఒక పట్టికలో ఉంటుంది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఉంటుంది. ప్యాకెట్ లోపలికి రాగానే స్విచ్ పంపినవారి అడ్రస్ చూసి, ఇది ఫలానా పోర్టు వైపు ఉంది అని రాసుకుంటుంది. చాలా స్విచ్‌లలో 300 సెకన్లపాటు ఆ అడ్రస్ మళ్లీ వినిపించకపోతే చెరిపేస్తుంది. వెబ్ పేజీలో మ్యాక్ అడ్రస్ టేబుల్ అని ఉండేది ఇదే. చాలామంది దాని మీద ఒక్కసారి కూడా నొక్కరు. ఏ కేబుల్ ఏ గదిలోకి పోతోందో ఎవరికీ గుర్తులేని పాత భవనంలో, సీలింగ్ విప్పకుండా ఒక ప్రింటర్ ఏ పోర్టుకు కలిసి ఉందో చెప్పేది ఈ పట్టికే.

అదే పేజీలో స్పానింగ్ ట్రీ అని ఒక టిక్కు ఉంటుంది. ఎవరైనా తెలియక ఒకే కేబుల్ రెండు కొసలనూ అదే స్విచ్‌లో పెడితే, అందరికీ చేరాల్సిన ప్యాకెట్లు ఆ చుట్టులో తిరుగుతూనే ఉంటాయి. ఈథర్‌నెట్ ప్యాకెట్‌కు ఇన్నిసార్లు తిరిగాక చచ్చిపో అనే లెక్క లేదు. ఆ తుఫానులో నెట్‌వర్కుతోపాటు వెబ్ పేజీ కూడా రాదు. 1985లో రేడియా పర్ల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రూపొందించిన ఈ స్పానింగ్ ట్రీ పద్ధతి చుట్టును గుర్తుపట్టి ఒక దారిని మూసేస్తుంది. ఆ టిక్కు తీయకండి.

ఇక బడికి వద్దాం. ల్యాబులో కూర్చున్న పిల్లలకు ఫీజుల లెక్కలున్న కంప్యూటర్ కనబడకూడదు. కెమెరాలు ఈ రెండింటితోనూ కలవకూడదు. అందుకు మూడు స్విచ్‌లు కొనక్కర్లేదు, ఉన్నదాన్నే లోలోపల మూడుగా విడదీయవచ్చు. దీన్నే వీలాన్ అంటారు. ఆఫీసుకు 10, ల్యాబుకు 20, కెమెరాలకు 30 అని నంబర్లిస్తాం. ఈ నంబరు ప్యాకెట్‌లో నాలుగు బైట్ల చీటీగా చేరుతుంది. చీటీలో నంబరుకు దక్కేది 12 బిట్లు, కాబట్టి వాడుకోదగ్గ వీలాన్లు 4094. కంప్యూటర్‌కు ఈ చీటీ సంగతి తెలియనక్కర్లేదు, దానికి పంపేటప్పుడు స్విచ్ చీటీ తీసేస్తుంది. పై అంతస్తులోని ఇంకో స్విచ్‌కు వెళ్లే కేబుల్ మీద మాత్రం చీటీ ఉండాలి. లేకపోతే వచ్చిన ప్యాకెట్ ఏ గుంపుదో అవతలి స్విచ్‌కు తెలిసే దారి లేదు.

తక్కువ ధర స్విచ్‌లలో చాలావాటికి ఈ పని రెండు పేజీల్లో ఉంటుంది. టెన్షన్ పెట్టేది ఇక్కడే. ఒక పేజీలో ఒక్కో పోర్టుకు ట్యాగ్డ్ (చీటీతో), అన్‌ట్యాగ్డ్ (చీటీ లేకుండా) అని ఎంచుకుంటాం. ఇంకో పేజీలో పీవీఐడీ అని ఒక నంబరు వేస్తాం. రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ కాదు. మొదటిది బయటికి వెళ్లే ప్యాకెట్ల సంగతి: వీలాన్ 30 ప్యాకెట్ ఈ పోర్టు గుండా వెళ్లొచ్చా, వెళితే చీటీతోనా, చీటీ తీసేసా? రెండోది లోపలికి వచ్చేవాటి సంగతి: చీటీ లేకుండా వచ్చినదాన్ని ఏ గుంపులో వేయాలి? కెమెరా పోర్టుకు మొదటి పేజీలో 30 పెట్టి, పీవీఐడీని ముందునుంచీ ఉన్న 1గానే వదిలేశామనుకోండి. కెమెరాల దృశ్యాలను దాచే రికార్డర్ అడిగింది కెమెరాకు చేరుతుంది, కెమెరా జవాబు మాత్రం రికార్డర్‌కు చేరదు. అది వీలాన్ 1లోకి పోతుంది, లేదంటే గుమ్మంలోనే ఆగిపోతుంది. వెళ్లేదారీ వచ్చేదారీ వేరువేరుగా పెట్టాలని తెలియక కెమెరానూ కేబుల్‌నూ మార్చి చూసేవాళ్లు ఎందరో.

అలాగే ఈ లాగిన్ పేజీ ఎవరికి కనబడాలన్నదీ తేల్చుకోవాలి. 2023 అక్టోబరులో సిస్కో పరికరాల్లో నడిచే ఐఓఎస్ ఎక్స్‌ఈ అనే సాఫ్ట్‌వేర్ వెబ్ పేజీలో ఒక లోపం బయటపడింది. తీవ్రత 10కి 10. లాగిన్ అవకుండానే, పూర్తి అధికారాలున్న ఖాతాను బయటివాళ్లు సృష్టించుకోగలిగారు. ఈ పేజీని ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచిన వేలాది పరికరాల్లోకి చొరబాటు జరిగింది. ఇంటర్నెట్ వైపు ఉన్న పరికరాల్లో ఆ వెబ్ సర్వర్‌నే ఆపేయమని సిస్కో అప్పుడు సలహా ఇచ్చింది. మన బడి స్విచ్ చిన్నదే కావచ్చు, కానీ ల్యాబులో ఉత్సాహవంతుడైన ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు చాలు. అందుకే పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చి, పేజీని నిర్వహణకంటూ కేటాయించిన వేరే వీలాన్‌లోకి తరలించాలి.

ఆ తరలింపులోనే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. నంబరు మార్చి అప్లై నొక్కాను. చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది. నా ల్యాప్‌టాప్ ఉన్న పోర్టు పాత వీలాన్‌లో మిగిలిపోయింది, పేజీ కొత్తదాంట్లోకి వెళ్లిపోయింది. స్విచ్ నేను చెప్పింది చెప్పినట్టే చేసింది, కానీ చేశానని నాకు చెప్పే దారి దానికి లేదు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటారే, వెబ్ పేజీతో స్విచ్‌ను మార్చేటప్పుడు కాస్త ఆదమరిస్తే అయ్యేది అదే. ఆజ్ఞ వెళ్లే దారినే ఆ ఆజ్ఞ మార్చేస్తుంది.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌లో నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ల డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్కును తెంచేసింది. దాన్ని సరిచేసే పనిముట్లు కూడా అదే నెట్‌వర్కు మీద నడుస్తున్నాయి. ఇంజినీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. కాస్త పెద్ద స్విచ్‌లకు కన్సోల్ అనే వేరే పోర్టు ఉండేది ఇందుకే. ఆ దారికి నెట్‌వర్కుతో పని లేదు.

కన్సోల్ లేని స్విచ్‌తో చిక్కుకున్న ఆ రోజు నన్ను గట్టెక్కించింది, మామూలుగా నేను విసుక్కునే ఒక ఏర్పాటు. చాలా స్విచ్‌లలో అప్లై వేరు, సేవ్ వేరు. అప్లై నొక్కితే మార్పు వెంటనే అమల్లోకి వస్తుంది, కానీ కరెంటు పోతే చెరిగిపోయే ర్యామ్‌లోనే ఉంటుంది. సేవ్ నొక్కితేనే, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలోకి చేరుతుంది. సేవ్ మర్చిపోతే ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చేసరికి వారం రోజుల పని మాయమవుతుంది, ఆ బాధ నిజమే. కానీ తప్పు మార్పు చేసి బయట పడిపోయినప్పుడు అదే వరం. స్విచ్‌ను ఆపి మళ్లీ వేశాను, పాత అమరికతో లేచింది. అప్పటినుంచి నా వరస ఒకటే: అప్లై నొక్కాలి, ఇంకో ల్యాప్‌టాప్‌లోంచి పేజీ తెరుచుకుంటోందో లేదో చూడాలి, ఆ తర్వాతే సేవ్. కొన్ని స్విచ్‌లు అప్లైతోపాటే సేవ్ కూడా చేసేస్తాయి. వాటి సంగతి ముందే తెలుసుకుని పెట్టుకోవాలి.

దీన్ని మనిషి జ్ఞాపకానికి వదలకుండా యంత్రానికే అప్పగించినవాళ్లున్నారు. జూనిపర్ అనే పేరుతో వచ్చే నెట్‌వర్క్ పరికరాల్లో మార్పును షరతు మీద అమలు చేయవచ్చు. గడువు లోపల, మామూలుగా పది నిమిషాలు, మనం మళ్లీ సరే అనకపోతే పాత అమరిక దానంతటదే తిరిగి వస్తుంది. కొన్ని స్విచ్‌ల మీద కూడా నడిచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఈ పనిని వెబ్ పేజీతోనే చేయిస్తుంది. అప్లై నొక్కగానే మార్పు అమలవుతుంది, గడియారం మొదలవుతుంది. బ్రౌజర్ స్విచ్‌ను మళ్లీ మళ్లీ పలకరిస్తుంది. పలకరింపు చేరితే మార్పు నిలుస్తుంది. చేరకపోతే గడువు తీరగానే స్విచ్ పాత అమరికకు వెళ్లిపోతుంది, మన ముందు అదే పేజీ మళ్లీ తెరుచుకుంటుంది.