మెడ ఆపరేషన్ తర్వాత పట్టేయడం, పడిపోవడం: అపోహలు - వాస్తవాలు

క్యాన్సర్‌కి మెడ ఆపరేషన్ అయినవాళ్లకి ఫిజియోథెరపీ చెయ్యడం నా పని. మెడ పట్టేస్తోందని దాదాపు అందరూ అంటారు. కళ్లు తిరిగి పడిపోయామని చెప్పేవాళ్లు కొద్దిమందే. నాకు దడ పుట్టించేది మాత్రం ఆ కొద్దిమందే.

అపోహ: కుట్లు మానాక కూడా మెడ పట్టేస్తోందంటే క్యాన్సర్ తిరగబెట్టినట్టే.

చాలాసార్లు కాదు. 1906లో జార్జ్ క్రైల్ అనే సర్జన్ వివరించిన పద్ధతిలో లింఫ్ గ్రంథులతో పాటు మెడ పక్కనుండే పెద్ద కండరాన్ని, పెద్ద సిరను, భుజానికి వెళ్లే నరాన్ని కూడా తీసేసేవారు. ఇప్పుడు వీలైనంతవరకు వాటిని మిగులుస్తున్నారు. అయినా ఆపరేషన్‌లో కదిలిన నరం కోలుకోడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా భుజం కిందకి జారుతుంది. దాని బరువంతా అలవాటు లేని చిన్న కండరాల మీద పడుతుంది. సాయంత్రానికి అవి బిగుసుకుపోక ఏం చేస్తాయి? రేడియేషన్ కూడా ఇచ్చుంటే కండరం పీచులా గట్టిపడుతుంది. అది ఏళ్ల తర్వాత కూడా మొదలవ్వొచ్చు.

ఇంకో వింత ఉంది. గాయం పూడ్చడానికి కొందరికి ఛాతీ కండరాన్ని మెడలోకి తిప్పి కుడతారు. దాని నరం ఇంకా బతికుంటే, బరువైన తలుపు నెట్టినప్పుడల్లా మెడలో ఏదో బిగుస్తుంది. పాపం, ఆ కండరానికి తన ఇల్లు మారిన సంగతి తెలీదు!

కొత్తగా గడ్డ తగిలినా, నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, గొంతు మారినా మాత్రం నా దగ్గరికి కాదు, ముందు సర్జన్ దగ్గరికి వెళ్లండి.

అపోహ: పట్టేసిన చోట గట్టిగా నలిపితే వదులుతుంది.

ఈ పాఠం నేను తప్పు చేసే నేర్చుకున్నాను. ఉద్యోగంలో కొత్త. ఒకాయన దవడ మూల కింద గట్టిగా ఉందంటే అక్కడే రెండు వేళ్లతో నొక్కాను. "అమ్మా, చూపు మసకబారుతోంది" అన్నాడు. చూస్తుండగానే ముఖం పాలిపోయింది, నుదుటి మీద చెమట. మణికట్టు పట్టుకుంటే నాడి అందలేదు. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తితే కాసేపటికి తేరుకున్నాడు. నేను తేరుకోడానికి చాలాసేపు పట్టింది.

మెదడుకి వెళ్లే కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట రక్తపోటుని కనిపెట్టే నరాల కొసలుంటాయి. అక్కడ నొక్కితే, బీపీ పెరిగిపోయిందని మెదడు పొరబడి గుండె వేగం తగ్గిస్తుంది, రక్తనాళాల్ని వదులు చేస్తుంది. ఆపరేషన్ మచ్చ, రేడియేషన్ వల్ల ఈ చోటు మరీ సున్నితంగా మారొచ్చు. డాక్టర్లు ఈసీజీ చూస్తూ పరీక్షించినప్పుడు గుండె 3 సెకన్లు ఆగినా, పై బీపీ 50 పాయింట్లు పడిపోయినా ఆ సున్నితత్వం ఉన్నట్టే. అలాంటివాళ్లకి బిగుతు కాలరు, గడ్డం గీసుకోవడం, చటుక్కున తల తిప్పడం చాలు. గుండె ఆగడమే కారణమైతే పేస్‌మేకర్ పనికొస్తుంది. బీపీ పడిపోవడమే ముఖ్యమైతే దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు.

అందుకే మెడ ముందువైపు, పక్కల సొంతంగా నలపొద్దు. నేర్పిన సాగదీతలు నెమ్మదిగా, కూర్చుని చెయ్యండి. వేడి కాపడం పెట్టేటప్పుడూ జాగ్రత్త, చర్మం మొద్దుబారి ఉంటే కాలినా తెలీదు. మొండి బిగుతుకి డాక్టర్లు బోటాక్స్ ఇంజెక్షన్లు ఇవ్వొచ్చు. కండరాల్ని వదులు చేసే బాక్లోఫెన్ లాంటి మాత్రలు రాస్తే వాటివల్లే కళ్లు తిరగొచ్చు. అలాగని బాక్లోఫెన్‌ని ఒక్కసారిగా మానెయ్యడం ప్రమాదం.

అపోహ: పడిపోయింది నీరసంతోనే, రెండు ముద్దలు ఎక్కువ తింటే సరి.

సగం నిజం. మింగలేక నీళ్లు తగ్గించేస్తారు. బరువు తగ్గినా పాత బీపీ మాత్రలు పాత డోసులోనే వేసుకుంటుంటారు. నిలబడ్డ 3 నిమిషాల్లో పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ తగ్గితే కారణం అక్కడ వెతకాలి. రేడియేషన్‌తో ఆ బీపీ కాపలా నరాలే దెబ్బతింటే బీపీ ఒక పూట ఆకాశానికి, ఒక పూట పాతాళానికి వెళ్తుంది. గొంతులోనో చెవిలోనో కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చి, ఆ వెంటనే సొమ్మసిల్లితే నీరసం మాట పక్కన పెట్టి స్కాన్ సంగతి అడగండి. గడ్డ నరాన్ని నొక్కుతున్నా ఇలా జరుగుతుంది.

అపోహ: వేళ్లు కొంకర్లు పోతున్నాయంటే నరాల బలహీనత.

థైరాయిడ్ తీసేశారా? పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందా? కాల్షియం పడిపోయి ఉండొచ్చు, ఆ రోజే రక్తపరీక్ష కావాలి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లకి మెగ్నీషియం తగ్గొచ్చు. అది సరిచెయ్యనిదే కాల్షియం కూడా ఓ పట్టాన పెరగదు.

అపోహ: పడిపోయినప్పుడు చేతులు కొట్టుకుంటే ఫిట్సే.

కాకపోవచ్చు. మెదడుకి రక్తం అందకపోయినా కొన్ని సెకన్లు కొట్టుకుంటాయి. సొమ్మసిల్లినవాళ్లు త్వరగా తెలివిలోకొచ్చి మనుషుల్ని గుర్తుపడతారు, ఫిట్స్ వచ్చినవాళ్లు చాలాసేపు అయోమయంగా ఉంటారు. ఏదైనా సరే, మెడలో శ్వాస రంధ్రం ఉన్నవాళ్ల ముఖం మీద నీళ్లు కొట్టకండి. ఆ నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ నుంచి రక్తం కారుతుంటే, తేరుకోకపోతే, ఛాతీ నొప్పి ఉంటే అంబులెన్స్ పిలవడమే.

పడిపోయిన ప్రతిసారీ సరిగ్గా ముందు క్షణంలో మెడ ఏం చేస్తోందో రాసి తెమ్మంటాను. ఒకావిడ భర్త గురించి నాలుగు తేదీలు రాసుకొచ్చింది. నాలుగింటి పక్కనా ఒకే మాట: "చొక్కా పై బొత్తాం పెట్టుకుంటూ."