డ్వాక్రా సంఘం ఎవరి చేతిలో ఉంది? ఈ అంతస్తులన్నీ ఎలా లేచాయి

మన ఊళ్లలో ఆడవాళ్ల పొదుపు సంఘం అనగానే చాలామందికి గుర్తొచ్చేది డ్వాక్రానే. నిజానికి ఆ పేరుతో ఉన్న పథకం 1999 ఏప్రిల్‌లోనే వేరే పథకంలో కలిసిపోయింది, జనం నోట్లో పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. లోను ఎంతిస్తారు, ఎంత మాఫీ చేస్తారు అని ఎన్నికలప్పుడల్లా మాట్లాడుకుంటాం గానీ, ఊళ్లో పది మందితో మొదలై జిల్లా దాకా పోయే ఈ ఏర్పాటు ఎలా వచ్చింది, అందులో ఆ ఆడవాళ్ల మాట ఎక్కడిదాకా చెల్లుతుంది అన్నది ఎవరూ అడగరు. అడగాల్సింది అదేనని నా అభిప్రాయం.

1982–83లో కేంద్రం డ్వాక్రా మొదలుపెట్టినప్పుడు లెక్క వేరు. పదిహేను ఇరవై మంది పేద మహిళలు ఒక గ్రూపు, వాళ్లకు యూనిసెఫ్ వాటాతో కలిపి 15 వేల రూపాయల రివాల్వింగ్ ఫండు, అంటే వాడుకుని తిరిగి జమచేసే డబ్బు. డబ్బు ముందొచ్చింది, సంఘం తర్వాతొచ్చింది. అలా కట్టిన గ్రూపు డబ్బున్నన్నాళ్లే నిలబడుతుంది.

ఆ లెక్కను తిరగేసింది నెల్లూరు జిల్లా. అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు తమ బతుకుల గురించి తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్నవాళ్లు కలిసి సారా కొట్టు మూయించారు, 1992 నాటికి అది పెద్ద ఉద్యమమైంది, 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే పొదుపు లక్ష్మి పుట్టింది. సారాకు తగలేసే డబ్బులో రోజుకో రూపాయి, నెలకు 30 రూపాయలు దాచుకోవడం. చిన్న మొత్తమే, కానీ అది వాళ్ల సొంత డబ్బు. ఎవరికివ్వాలో చెప్పే హక్కు కూడా వాళ్లదే.

బాగా నడిచే సంఘం మీటింగు ఒక్కటి చూస్తే చాలు, సంగతి అర్థమవుతుంది. ఎవరింటి అరుగు మీదో కూర్చుంటారు, పొదుపు డబ్బు అందరి ముందే లెక్కపెడతారు, ఆలస్యంగా వచ్చినా కంతు తప్పినా జరిమానా. ఒకామె కూతురి కాన్పుకు అడుగుతుంది, ఇంకొకామె యూరియా కట్టలకు అడుగుతుంది, ఎవరి అవసరం ముందో అక్కడే తేలుస్తారు, తీర్మానం పుస్తకంలో రాసి అందరూ సంతకాలో వేలిముద్రలో పెడతారు. రెండు రూపాయల వడ్డీ వేసుకున్నా, ఆ వడ్డీ తిరిగి సంఘంలోకే వస్తుంది. ఎవరి పరిస్థితి ఏంటో పది మందికీ తెలుసు, కాబట్టి తాకట్టు అక్కర్లేదు.

రిజర్వు బ్యాంకు, గ్రామీణ రుణాలు చూసే నాబార్డు పట్టుకున్నది ఈ బలాన్నే. 1992లో నాబార్డు దేశం మొత్తం మీద 500 గ్రూపులు లక్ష్యంగా బ్యాంకు లింకేజీ, అంటే గ్రూపులకు బ్యాంకు లోను ఇప్పించే ప్రయోగం మొదలుపెట్టింది. రిజిస్ట్రేషన్ లేని గ్రూపుకు కూడా లోనివ్వొచ్చు అన్నారు, అది పెద్ద మార్పు. ఇరవై మందికి మించకూడదన్న నియమం కూడా చట్టం నుంచి వచ్చిందే, అప్పటి కంపెనీల చట్టం ప్రకారం అంతకు మించితే రిజిస్టర్ కావాల్సిందే.

మరి పై అంతస్తులు ఎందుకు? పది మంది పోయి బ్యాంకు మేనేజరుతో గట్టిగా మాట్లాడలేరు, ధాన్యం కొనలేరు, పక్క గ్రూపు లెక్కలు తప్పితే అడగలేరు. 1995 తర్వాత ఐక్యరాజ్యసమితి సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో కొన్ని మండలాల్లో గ్రూపుల్ని గ్రామ సంఘాలుగా, వాటిని మండల సమాఖ్యలుగా కలిపి చూశారు. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలనకు సెర్ప్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టి, ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు ప్రాజెక్టు ఆరు జిల్లాల్లో మొదలై, తర్వాత ఇందిరా క్రాంతి పథంగా రాష్ట్రమంతా వ్యాపించింది. పై సంఘాలకు చట్టపరంగా దొరికిన గూడు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద ఉన్న సొసైటీల్లో ప్రభుత్వం వేలు పెట్టి పాలకవర్గాల్ని తీసేయగలిగేది, కొత్త చట్టంలో ప్రభుత్వ వాటాధనం ఉండదు, పెత్తనమూ ఉండకూడదు. రాత వరకు చూస్తే మండల సమాఖ్య పూర్తిగా ఆడవాళ్ల సొంత సంస్థ.

చిక్కంతా ఇక్కడే. సమాఖ్య వాళ్లదే, కానీ అదే ఆఫీసులో కూర్చునే ఏపీఎం, సీసీ అనే ఉద్యోగులు సెర్ప్ మనుషులు. లక్ష్యాలు పైనుంచి వస్తాయి, కింద తీర్మానం రాస్తారు. కేరళ 1998లో కుటుంబశ్రీ మొదలుపెట్టినప్పుడు అయల్‌కూట్టాల్ని, అంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ల గ్రూపుల్ని, వార్డుకు, పంచాయతీకి ముడిపెట్టింది, సంఘం అడిగింది ఊరి ప్రణాళికలోకి వెళ్లే దారి ఏర్పడింది. మనం మాత్రం పంచాయతీని పక్కనపెట్టి వేరే మెట్లు కట్టుకున్నాం, ఆ మెట్ల కొసన ఉన్నది ప్రభుత్వ శాఖ. ఇది మనం చేసిన పెద్ద పొరపాటని నేను గట్టిగా నమ్ముతాను.

ఫలితం చూశాం. సంఘాల లోన్లకు ప్రభుత్వం తెచ్చిన పావలా వడ్డీ నిజంగా మేలు చేసింది, నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలే. కానీ అదే కాలంలో మైక్రోఫైనాన్స్ కంపెనీలు సంఘాలున్న ఊళ్లలోనే, ఆ ఆడవాళ్లకే వారం వారం కంతుల అప్పులిచ్చాయి, వసూళ్ల వేధింపులు ఆత్మహత్యల దాకా పోయాయి, 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి నెలవారీ కంతులే తీసుకోవాలంది. పైన ఇన్ని అంతస్తులుండీ ఆ అప్పుల్ని ముందుగా పసిగట్టి ఆపలేకపోయాయి. తర్వాత 2014లో ఆంధ్రప్రదేశ్‌లో మాఫీ హామీ వచ్చింది, మాఫీ వస్తుందని కట్టడం ఆపిన గ్రూపుల మీద వడ్డీ పెరిగింది, చివరికి అందింది సభ్యురాలికి పది వేలు, అదీ విడతలుగా. ఆ తర్వాతి ప్రభుత్వం ఆసరా పేరుతో 2019 ఏప్రిల్ 11 నాటి బాకీలను నాలుగు విడతల్లో చెల్లిస్తానంది. డబ్బు అందిన ఇంటికి అది ఊరటే, కాదనను. కానీ కంతు ఎప్పుడు కట్టాలన్నది అరుగు మీద తేలాల్సింది పోయి, ఎన్నికల సభలో తేలడం మొదలైంది.

ఇప్పుడు కూడా గ్రామ సంఘం మీటింగుకు పోయే ఆడవాళ్లు ఒకటి చేయొచ్చు. తీర్మానాల పుస్తకం తీసి గత ఏడాదిలో రాసిన వాటిలో తాము అడిగి రాయించినవి ఎన్ని, పైనుంచి ఫోనొస్తే రాసినవి ఎన్ని అని చదివించుకోవాలి. ఆ పుస్తకం చూసే హక్కు ప్రతి సభ్యురాలికీ ఉంది.