పోయిన ఫైళ్లు: అపోహలు - వాస్తవాలు

డేటా రికవరీ పనిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది పాడైన డిస్కులు కాదు. ఫైల్ పోగానే టెన్షన్‌లో నాలుగైదు ప్రయత్నాలు చేసి, దొరికేదాన్ని కూడా చెరిపేసుకుని వచ్చేవాళ్లు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే ఫైల్ చెరిగిపోయినట్టే.

వాస్తవం: మామూలు హార్డ్ డిస్క్‌లో అలా జరగదు. పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం మాయమవదు కదా! కొత్తవాళ్లు వచ్చి దున్నేదాకా పాత పంట మొదళ్లు అక్కడే ఉంటాయి. విండోస్ కూడా ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుందంతే. దాని మీద వేరే డేటా పడేదాకా పాతది ఉంటుంది. బ్రౌజర్ తెరిచినా, వీడియో చూసినా డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. అన్నిటికంటే పెద్ద పొరపాటు, రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయడం. అది సరిగ్గా మీ ఫైల్ ఉన్న చోటే కూర్చోవచ్చు. కంప్యూటర్ ఆపేయండి. డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కి తగిలించి వెతకండి, దొరికినవి వేరే డిస్క్‌లో సేవ్ చేయండి. ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే చాలా ఫైళ్లు వస్తాయి.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ ఉంటే ఎప్పుడైనా, ఏదైనా తిరిగొస్తుంది.

వాస్తవం: ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) ఉన్న లాప్‌టాప్‌లో ఈ ఆశ చాలా తక్కువ. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి, ఫైల్ డిలీట్ కాగానే ట్రిమ్ అనే ఆదేశం డ్రైవ్‌కి వెళుతుంది. ఆ తర్వాత డ్రైవ్ తనంతట తానే ఆ చోటును శుభ్రం చేసేస్తుంది. పిల్లల ఫోటోలు పోయాయని వచ్చినవాళ్లకు ఈ మాట చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. కెమెరా మెమరీ కార్డు సంగతి వేరు. పొరపాటున ఫార్మాట్ చేసినా, ఆ తర్వాత ఒక్క ఫోటో కూడా తీయకపోతే పెళ్లి ఫోటోలు తిరిగొచ్చిన సందర్భాలు చాలానే చూశాను.

అపోహ: సేవ్ చేయకముందే కరెంటు పోతే వర్డ్‌లో టైప్ చేసిందంతా పోయినట్టే.

వాస్తవం: సెట్టింగ్ మార్చకపోతే వర్డ్ ప్రతి 10 నిమిషాలకు ఒక కాపీ దాస్తుంది. ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్, రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ వరుసలో వెళ్లి చూడండి. కంగారులో ‘డోంట్ సేవ్’ నొక్కినా అక్కడ దొరికే అవకాశం ఉంది. కొద్ది రోజులకే ఆ కాపీలు పోతాయి కాబట్టి ఆలస్యం చేయొద్దు. చివరి కాపీ తర్వాత టైప్ చేసింది మాత్రం రాదు.

అపోహ: టిక్ టిక్ మంటున్న హార్డ్ డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెడితే పనిచేస్తుంది.

వాస్తవం: పెట్టకండి. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. డిస్క్ పళ్లేనికీ దాన్ని చదివే హెడ్‌కీ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే, దుమ్ము రేణువు కూడా పట్టదు. శబ్దం వినగానే పవర్ తీసేయండి, మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు.

అపోహ: గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోంది, బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఫైల్ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. ట్రాష్‌లో 30 రోజులుంటుంది. పోయిందని తెలిసిన రోజే అక్కడ చూడండి.