పిలవని పేరంటం

కర్నూలులో నాకు తెలిసిన ఓ నర్సింగ్ హోమ్. అర్ధరాత్రి రిసెప్షన్ ఫోన్ మోగడం మొదలుపెట్టి ఆగలేదు. ఎత్తితే అవతల ఎవరూ లేరు. డిస్‌ప్లే మీద నంబరు ఒకసారి 100, ఇంకోసారి 1000. నైట్ డ్యూటీ అమ్మాయి నాకు ఫోన్ చేసి, "దయ్యమేమన్నా పట్టిందా సార్ దీనికి, ఊరికే మోగుతాంది" అంది. ఆమె మాట తప్పేం కాదు. ఈ రంగంలో వాటిని గోస్ట్ కాల్స్ అనే అంటారు.

ఆ ఫోన్ ఇంటర్నెట్ మీద నడుస్తుంది. అలాంటి ఫోన్లు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి సిప్. ఇప్పుడు వాడుతున్న దాని ప్రమాణం 2002 నాటిది. కాల్ మొదలుపెట్టే సందేశాన్ని అందులో 'ఇన్వైట్' అంటారు. మనకు పెళ్లికైనా ఫోన్‌కైనా పిలుపే కదా, పేరు బాగానే కుదిరింది. ఈ పిలుపులు మామూలుగా 5060 అనే పోర్టుకు, అంటే నెట్‌వర్క్‌లో ఆ నంబరున్న తలుపుకు, వస్తాయి. ఇక్కడ రౌటర్లో ఎవరో ఆ పోర్టు బార్లా తెరిచిపెట్టారు. తెరిచిన తలుపుల కోసం ప్రపంచమంతా తట్టి చూసే ప్రోగ్రాములున్నాయి. వాటిలో ఒకటి తన పేరు 'ఫ్రెండ్లీ స్కానర్' అని చెప్పుకుంటుంది. ఎంత స్నేహమో!

ఇది తట్టడమే. అసలు దెబ్బ వేరే ఉంది. పిలుపు రాగానే, కాల్స్ అందుకునే సర్వర్ "నువ్వెవరు, పాస్‌వర్డ్ ఏది?" అని 401 జవాబు పంపుతుంది. అది అందినట్టు కబురు రాకపోతే 32 సెకన్ల దాకా ఆ పిలుపును గుర్తుపెట్టుకుంటుంది. అవతలివాడెవరో ముందు ఖాయం చేసుకోకుండానే సందేశం పంపే యూడీపీ పద్ధతిలో దొంగ చిరునామాతో పిలవడం తేలిక, ఇక కబురెక్కడిది? సెకనుకు వెయ్యి దొంగ పిలుపులొస్తే 32 వేలు మెమరీలో కూర్చుంటాయి. అసలు పేషెంటు కాల్‌కి చోటుండదు. గుర్తింపు అడిగేటప్పుడు ఏదీ గుర్తుపెట్టుకోవద్దని ఆ ప్రమాణమే హెచ్చరించింది. పాటించని సర్వర్‌కు ఇదే గతి.

కొన్నిసార్లు గుంపు కూడా అక్కర్లేదు. రాత తప్పిన సందేశం ఒక్కటి చాలు, సర్వర్ కుప్పకూలడానికి. ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయం వాళ్లు వంకర సందేశాలు పంపి చూసి, చాలా కంపెనీల సిప్ పరికరాల్లో ఇలాంటి లోపాలు బయటపెట్టారు. 2003లో దానిమీద హెచ్చరిక వెలువడింది. దీనికి మందు అప్‌డేటే.

హద్దు మీరి పిలిచే చిరునామాలను వాటంతటవే బ్లాక్ చేసే ఏర్పాటు మంచిదే, కానీ అందులో ఓ మెలిక ఉంది. ఎవడైనా మీ ఫోన్ కంపెనీ చిరునామానే దొంగిలించి పిలిస్తే, మీరు మీ కంపెనీనే బయట పెట్టుకుంటారు. ముందు దాన్ని మినహాయించాలి. ఇక లైనే నిండిపోతే, వచ్చేవాటిని వడగట్టే మన ఫైర్‌వాల్ చేసేదేమీ లేదు, పైన ఇంటర్నెట్ ప్రొవైడరే అడ్డుకోవాలి. వీధి నిండా నీళ్లొచ్చాక గుమ్మానికి బస్తాలు అడ్డం పెడితే ఏమవుతుందో 2009 అక్టోబరు వరద చూసిన మా ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ నర్సింగ్ హోమ్‌లో 5060ని ఫోన్ కంపెనీకి తప్ప అందరికీ మూసేశాం. కొత్తవాళ్లకు 'కుదరదు' అన్న జవాబు కూడా పోదు. జవాబిస్తే ఇంట్లో మనిషున్నట్టు తెలిసిపోతుంది. మర్నాడు పెయింటర్ని పిలిచి, బోర్డు మీద ల్యాండ్‌లైన్ కింద ఓ సెల్ నంబరు కూడా రాయించాం. ఆదోని, ఎమ్మిగనూరు నుంచి కాన్పుకొచ్చేవాళ్లు ఇప్పుడు దానికే చేస్తున్నారట.