రెండు పడవల మీద కాళ్ళు

కళింగపట్నం నుంచి

గుంటలందరికీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు పెరట్లో బోర్లా పడున్న నా పాత జంట పడవని చూసి పెద్దది అడిగిన మాట గుర్తుందా? “ఏటి తాతా, రెండు పడవలు కలిపి కడితే ఆయిలు రెట్టింపు తాగదా?” అప్పుడు నా నోట్లో అరిసె ఉంది. మీ నాన్న బస్సు టైమయిపోతోందని గోల. ఏదో చెప్పి తప్పించుకున్నాను. అప్పట్నుంచీ అది మనసులో నలుగుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం. లెక్కలు వచ్చిన చోట చిన్నోడు దాటేసినా ఏమీ అనుకోను.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని పెద్దవాళ్ళు తిడతారు కదా. పడవలు విడివిడిగా ఉంటేనే ఆ తిట్టు. మధ్యలో గట్టి దూలాలు వేసి కలిపేస్తే అంతకంటే కుదురుగా నిలబడేది సంద్రం మీద ఇంకోటి లేదు. కావడి మోసేవాడిని చూడండి, రెండు బుట్టలూ ఒకే చోట వేలాడితే నడవలేడు, దూరంగా ఉన్నాయి కాబట్టే తూగుతాడు.

పెద్దదాని ప్రశ్నలో సగం నిజం ఉంది. బెల్లం దిమ్మని రెండు ముక్కలు చేస్తే నీళ్ళకి తగిలే చోటు పెరుగుతుంది, అందుకే తొందరగా కరుగుతుంది. పడవకీ అంతే. నీటిలో మునిగే పడవ ఒళ్ళుని షెడ్డులో మేం హల్ అంటాం. ఒక హల్ మోసే బరువుని అంతే పొడవున్న రెండు హల్స్‌కి పంచితే నీరు రాసుకునే చోటు పెరుగుతుంది. అయితే రెట్టింపు కాదు. అడ్డంగా కోస్తే సగం గుండ్రంగా కనిపించే హల్ అనుకుంటే 1.41 రెట్లు, అంటే రెండుకి వర్గమూలం. ఎందుకో కాగితం మీద మీరే తేల్చుకోండి. కాబట్టి గంటకి ఐదారు కిలోమీటర్ల చొప్పున మెల్లగా పోయేటప్పుడు జంట పడవకే ఆయిలు ఎక్కువ. జంట పడవలు అమ్మేవాళ్ళు ఈ ముక్క సాధారణంగా చెప్పరు.

వేగం పెరిగాక కథ తిరగబడుతుంది. పడవ నీటిని తోసుకుంటూ పోతుంటే ముక్కు దగ్గర ఒక కెరటం లేస్తుంది, పడవతో పాటే నడుస్తుంది. వేగం పెరిగే కొద్దీ ఆ కెరటం పొడుగు సాగుతుంది. సాగి సాగి పడవ పొడవంత అయ్యేసరికి ముక్కు ఒక కెరటం మీద, వెనక కొస ఇంకో కెరటం మీద ఉంటాయి. ఇంకా ఇంజను పెంచారా, వెనక కొస పల్లంలోకి దిగుతుంది. అప్పుడు పడవ తాను లేపిన గట్టుని తానే ఎక్కాలి. ఎంత ఆయిలు పోసినా పొగే గానీ పరుగు ఉండదు.

ఆ హద్దుకి ఒక లెక్క ఉంది. నీటి గీత దగ్గర, అంటే నీరు పడవని తాకే చోట, పడవ పొడవుని మీటర్లలో కొలిచి, వర్గమూలం కట్టి, 2.43తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. నాట్లంటే వరినాట్లు కాదు, ఒక నాటు గంటకి 1.852 కిలోమీటర్లు. 9 మీటర్ల పడవకి వర్గమూలం 3. అంటే 7.3 నాట్లు, గంటకి సుమారు 13.5 కిలోమీటర్లు. మామూలు పొట్ట పడవకి అక్కడ గోడ కట్టినట్టే. దాన్ని దాటాలంటే పెద్ద ఇంజను పెట్టి, పడవ నీటి మీదికి లేచి జారేలా తోలాలి. దానికి తాగేది మామూలుగా తాగదు.

సన్నటి హల్‌కి ఈ గోడ దాదాపు ఉండదు. ఉద్దానం పనసకాయనీ ఒక మునక్కాడనీ నీటిలో లాగి చూడండి. పనసకాయ నీటిని అటూ ఇటూ నెట్టేస్తుంది, మునక్కాడ చీల్చుకుపోతుంది. పొడవు వెడల్పుకి పది రెట్లు దాటితే లేచే కెరటం చాలా చిన్నదైపోతుంది. అలాంటి మునక్కాడ పడవ ఒక్కటే అయితే మనిషి ఎక్కగానే తిరగబడుతుంది. అందుకే రెండు. జంట వేసేది ముచ్చటకి కాదు, సన్నగా ఉండి కూడా పడిపోకుండా ఉండటానికి.

1876లో హెరెషాఫ్ అనే అమెరికా ఆయన ఇలాంటి జంట తెరచాప పడవ కట్టి న్యూయార్క్ పందెంలో పెద్ద పెద్ద పడవల్ని వెనక్కి నెట్టేశాడు. మిగతావాళ్ళు ఇది పడవే కాదని పేచీ పెట్టి, ఆ రకాన్నే పందేల్లోంచి తీసేశారు. ఓడిపోయినవాళ్ళ పద్ధతి ఎక్కడైనా ఒకటే.

ఇంతకీ ఈ రకం పడవని ప్రపంచమంతా క్యాటమరాన్ అంటుంది. అది తమిళుల కట్టుమరం. కట్టిన మాను అని అర్థం. మన తెప్పే అది. డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో కోరమండల్ తీరపు తెప్పల గురించి ఈ పేరుతోనే రాశాడు. తమాషా ఏమిటంటే మన తెప్పకి రెండు హల్స్ లేవు, పక్కపక్కన పేర్చి తాడుతో బిగించిన దుంగలే. రెండు పడవల మధ్య దూలం వేసి మహాసముద్రాలు దాటినవాళ్ళు పసిఫిక్ దీవులవాళ్ళు. పడవ వాళ్ళది, పేరు మనవైపుది.

కానీ తెప్పలో ఒక తెలివుంది, అదే నేను మీకు చెప్పాలనుకున్నది. నా చిన్నప్పుడు మా అయ్య వేట నుంచి రాగానే తెప్ప తాళ్ళు విప్పేసి దుంగల్ని విడివిడిగా ఇసక మీద ఆరబెట్టేవాడు. పొద్దున్నే మళ్ళీ కట్టుకోవాలి కదా, ఎందుకీ చాకిరీ అనుకునేవాణ్ణి. నీరు తాగిన దుంగ బరువు. బరువైన తెప్పని ఒడ్డుకి లాగాలంటే ఇంకో ఇద్దరు కావాలి, కెరటం దాటించాలంటే ఇంకాస్త జబ్బసత్తువ కావాలి. ఆయనకి ఆర్కిమెడీస్ తెలీదు. బరువు మాత్రం తెలుసు.

నాకు రెండూ తెలిసి కూడా బోల్తా పడ్డాను. విశాఖపట్నంలో ఫైబర్ బోట్ల షెడ్డులో ఇన్నేళ్ళు పని చేసినవాణ్ణి, నా పడవకి నేనే గీత గీసుకున్నాను. 9 మీటర్ల పొడవు, ఒక్కో హల్ వెడల్పు 75 సెంటీమీటర్లు. మనుషులూ ఆయిలూ అన్నీ కలిపి 1,900 కిలోలు అనుకున్నాను. ఆ రెండు హల్స్ నీటి మీద పరుచుకునే చోటు సుమారు 9.7 చదరపు మీటర్లు. ఉప్పునీరు ఘనమీటరుకి 1,025 కిలోలు. అంటే ప్రతి 100 కిలోలకీ పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది. నీళ్ళలోకి దింపిన రోజు, నీరు ఇంతవరకే రావాలని ముందుగా గీసి ఉంచిన గీత 5 సెంటీమీటర్లు మునిగిపోయింది. ఇంక కాటా ఎందుకు, 500 కిలోలు ఎక్కువ కట్టానని సంద్రమే చెప్పేసింది.

ఆ బరువు ఎక్కడిది? ఎండ తగలకుండా ప్లైవుడ్ గది కట్టాను, 170 కిలోలు. ఒకటి చెడితే ఇంకోటి ఉంటుందని రెండో ఇంజను, దాని టాంకు, 110. మిగతాదంతా రెజిన్, అంటే గ్లాసు గుడ్డకి పట్టించే గట్టిపడే జిగురు. ఫైబర్ పనిలో రెండు రకాల గ్లాసు గుడ్డ వాడతాం. ముక్కలు అతికించిన మ్యాట్ అయితే తన బరువుకి రెట్టింపు పైనే రెజిన్ తాగుతుంది. నేసిన గుడ్డకి ఇంచుమించు తనంత చాలు. మేం చవకని మ్యాటే వేశాం, పైగా కుర్రాళ్ళు పులిహోరకి నూనె పోసినట్టు పోశారు. నేను పక్కనే ఉండి వద్దనలేదు. ఎక్కువైన రెజిన్ బలం ఇవ్వదు, పెళుసుతనం ఇస్తుంది.

5 సెంటీమీటర్లే కదా అనకండి. రెండు హల్స్ మధ్య డెక్కు కింద సొరంగంలా ఖాళీ ఉంటుంది. పడవ దిగితే ఆ ఖాళీ తగ్గిపోతుంది. కెరటం కింద నుంచి వచ్చి డెక్కుని ధబ్బుమని కొడుతుంది, పళ్ళు కదిలేలా. ప్రతి దెబ్బకీ వేగం పడిపోతుంది. వేగం పడిందని ఇంజను పెంచుతాం, ఎక్కువ ఆయిలు కావాలని పెద్ద టాంకు పెడతాం, టాంకు బరువుకి పడవ ఇంకా దిగుతుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. గది పీకేసి, ఒక ఇంజను దింపేశాక పడవ 3 సెంటీమీటర్లకి కాస్త తక్కువ పైకి లేచింది. రెజిన్‌ని మాత్రం ఎవడు పీకగలడు?

తేలిగ్గా, గట్టిగా కట్టడం ఎలాగంటే, వెదురుని చూడండి. లోపల బోలు, అయినా కావడి బద్ద అదే. వంగేటప్పుడు పని చేసేది పై పొరలే, మధ్యలో ఉన్నది వాటిని దూరంగా పట్టుకుంటే చాలు. పలక మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే రెండు పలుచటి ఫైబర్ పొరల మధ్య ఫోమ్ పెడతారు. గట్టి ఫైబర్ ఘనమీటరు 1,600 కిలోల దాకా తూగితే, పడవల్లో వాడే ఫోమ్ 80 కిలోలే. కానీ నీటి గీత కింద నేను ఫోమ్ పెట్టను. మన ఒడ్డున జెట్టీ లేదు, పడవని ఇసక మీద ఈడ్చాలి. ఒక్క రాయి పొరని చీల్చిందంటే ఫోమ్‌లోకి నీళ్ళు, మళ్ళీ మా అయ్య తడిసిన దుంగే. కింద గట్టి ఫైబర్, పైన ఫోమ్. జెట్టీ ఉన్న ఊళ్ళోవాళ్ళు నా మాట వినక్కర్లేదు.

దూలాల సంగతి. ఒక హల్ కెరటం ఎక్కుతుంటే రెండోది దిగుతుంది. మధ్యలో దూలాన్ని తడిగుడ్డ పిండినట్టు పిండేస్తుంది సంద్రం. నేను బోల్టులు బిగించాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను రాత్రి ముందు దూలం బోల్టు కంతల దగ్గరే చీలింది, అప్పట్నుంచి పడవ పెరట్లో కోళ్ళ గూడు. వారమ్ అనే ఇంగ్లండు మనిషి 1950ల్లోనే చిన్న జంట పడవ మీద అట్లాంటిక్ దాటాడు. తర్వాత ఎన్నో జంట పడవలకి గీతలు గీశాడు, వాటిలో చాలావాటికి దూలాల్ని హల్స్‌కి తాడుతోనే కట్టించాడు. తాడు కాస్త సాగుతుంది, చీలదు. ఆ సంగతి చదివిన రోజు మా అయ్య తాళ్ళు గుర్తొచ్చి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

ఇంజను గురించి ఒక్క మాట. డీజిల్ ఇంజను ఒక హార్స్‌పవర్ గంటసేపు ఇవ్వడానికి సుమారు 0.2 లీటరు తాగుతుంది. నీటి రాపిడిని దాటడానికి కావలసిన శక్తి వేగం ఘనం (వేగం × వేగం × వేగం) చొప్పున పెరుగుతుంది. 10 నాట్ల నుంచి 8కి తగ్గితే గంటకి పోసే ఆయిలు ఇంచుమించు సగం. ప్రయాణం కాస్త ఎక్కువసేపు పడుతుంది కాబట్టి చివరికి ఆదా అయ్యేది మూడో వంతు పైన. డబ్బు ఖర్చు లేని ఇంజనీరింగు ఇదొక్కటే, కుర్రాళ్ళెవరూ వినరు. వీలైతే ప్రొపెల్లర్ పెద్దది, మెల్లగా తిరిగేది పెట్టాలి.

తేలికైన జంట పడవకి ఆయిలు లేకపోయినా నడుస్తుంది. కేరళలో వైకోం దగ్గర 2017 నుంచి ఆదిత్య అనే జంట పడవ 75 మందిని ఎక్కించుకుని ఎండతో నడుస్తోంది. కొచ్చి వాటర్ మెట్రోలో 2023 నుంచి తిరిగేవి కూడా జంట హల్ పడవలే, బ్యాటరీవి, అల్యూమినియంతో చేసినవి. టన్నుల కొద్దీ చేపలూ ఐసూ మొయ్యాలంటే మాత్రం నేను పొట్ట పడవే కట్టమంటాను. మునక్కాడ మీద ధాన్యం బస్తాలు వెయ్యం కదా.

వేసవి సెలవులకి వచ్చేటప్పుడు మీ నాన్నతో చెప్పి స్ప్రింగు కాటా ఒకటి తెండి. అరటి దొప్పలు నేను కోసి ఉంచుతాను. ఒక వెడల్పు దొప్ప, రెండు సన్నటి దొప్పలు పుల్లలతో జోడించి, వంశధార మొగ దగ్గర నిలవ నీళ్ళలో తాడు కట్టి లాగుదాం. ముందు మెల్లగా, తర్వాత పరిగెత్తుతూ. కాటా ఎంత చూపించిందో పెద్దది రాసుకుంటుంది, చిన్నోడు పరిగెత్తుతాడు. ఆ తర్వాత కోళ్ళని వేరే చోటికి మార్చి పడవకి కొత్త దూలం వేద్దాం, ఈసారి తాడుతో. రెజిన్ డబ్బా మాత్రం నా దగ్గరే ఉంటుంది.

మీ తాత