బోర్న్ కేటలాగులో ఎగతాళికి గురైన రాయి

చార్లెస్ గ్రెవిల్ (1749–1809) వార్విక్ ప్రభువు రెండో కొడుకు. ఎస్టేటు అన్నకు దక్కింది. తమ్ముడికి అప్పులూ, రాళ్ల పిచ్చీ మిగిలాయి. ఆయన పోయిన మరుసటి ఏడు, 1810లో, ఆ ఖనిజాలను 13,727 పౌండ్లకు కొని బ్రిటిష్ మ్యూజియంలో చేర్చారు.

అందులో బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోది) రాయి ఒకటుంది. అంతకుముందు అది ఖనిజ శాస్త్రవేత్త ఇగ్నాజ్ ఫాన్ బోర్న్ సొత్తు. 1772లో ప్రాగ్‌లో అచ్చయిన తన లాటిన్ కేటలాగులో బోర్న్ దాన్ని అయస్కాంతానికి అంటుకునే ఇనుముగా నమోదు చేసి, పచ్చటి రాతిలో మెరిసే రవ్వలున్నాయని రాశాడు. 1753 జులై 3న తాబోర్ దగ్గర ఉరుములతో ఆకాశం నుంచి పడిందని అమాయకులు కొందరు అంటారని ఓ చురకా అంటించాడు. ఎగతాళికే రాసినా, ఊరూ తేదీ వదల్లేదు. ఇప్పుడు మనకు అదే ఓ ఆధారం!

బోర్న్ సేకరణ గ్రెవిల్ చేతికి వచ్చాక, 1802లో రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హోవార్డ్ ఈ రాయిని కాశీ దగ్గర 1798లో పడిన రాయితోనూ, యార్క్‌షైర్, సియెనా రాళ్లతోనూ కలిపి పరీక్షించాడు. గ్రెవిల్ రాళ్లను బాగా ఎరిగిన ఖనిజ శాస్త్రవేత్త బూర్నాన్ ప్రభువు ఇనుప రవ్వలనూ, గుండ్రటి గుళికలనూ, మట్టి భాగాన్నీ విడదీసి వర్ణించాడు. ఇనుమును ఆమ్లంలో కరిగించి అమోనియా పోస్తే ఇనుము ముద్దలా అడుగుకు దిగుతుంది, నికెల్ ద్రావణంలో ఉండిపోతుంది. అయితే ఆ ముద్ద కొంత నికెల్‌ను తనలో పట్టుకుంటుంది, అంకె తక్కువ పడుతుంది. ఎలాగైతేనేం, వేర్వేరు చోట్ల పడిన ఆ నాలుగింటిలోనూ నికెల్ దొరికింది. ఉల్కలు నిజంగా ఆకాశం నుంచే పడతాయని నమ్మించడంలో ఆ ఫలితానిది పెద్ద చెయ్యి.

మ్యూజియంలోకి వచ్చాక దారి చిక్కుపడుతుంది. 1857లో ఖనిజ విభాగం బాధ్యత తీసుకున్న స్టోరీ-మాస్కెలిన్ రాళ్లను రసాయన కూర్పు, స్ఫటిక రూపాల ప్రకారం సర్దించాడు. అలాంటి సర్దుబాటులో ఒకే దొరగారి రాళ్లు వేర్వేరు సొరుగుల పాలవుతాయి. 1880ల మొదట్లో అన్నీ లండన్‌లోనే సౌత్ కెన్సింగ్టన్‌కు తరలాయి.

అలాంటి రాయి పుట్టుపూర్వోత్తరాలు తేల్చేటప్పుడు, రాతికే అతికిన చీటీని ముందు నమ్మాలి. ట్రేలో విడిగా పడున్న చీటీ పక్క రాయిదీ కావచ్చు. జిగురు ఎండి ఊడేలా ఉంటే పీకకుండా ముందు ఫోటో తీయాలి. తర్వాత చేతిరాత, పాత నంబరు, కేటలాగు వర్ణన సరిపోల్చాలి. బరువు కేటలాగులో ఉన్నదాని కన్నా తగ్గితే కంగారు పడక్కర్లేదు, పరీక్షకు ముక్క కోసి ఉండొచ్చు. పెరిగితే మాత్రం అది ఆ రాయేనా అని అనుమానించాలి.

పేర్లతోనూ తంటానే. కర్నాటక్ ప్రాంతపు (ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు, దక్షిణాదిన తూర్పు తీరం వైపు) కురువిందంతో (కొరండంతో) కలిసి దొరికిన ఓ నారల ఖనిజాన్ని బూర్నాన్ 1802లో ఫైబ్రొలైట్ అన్నాడు. ఇవాళ దాన్ని సిల్లిమనైట్ అంటాం, కానీ ఆ పేరు పుట్టింది 1824లో. గ్రెవిల్ నాటి కాగితాల్లో సిల్లిమనైట్ కోసం వెతికితే ఒక్క రాయీ తగలదు.